ఇసుక సంచులు పది, రూపాయలు ఎనభై

ఇబ్రహీంపట్నం
ఫసలీ 1348, బహమన్ 3 (ఇంగ్లీషు లెక్కన 1938 డిసెంబరు)

ప్రియమైన కిష్టాకు, నాయనమ్మ దీవెనలు.

నెలకు ఒక ఉత్తరం అని మనం పెట్టుకున్న నియమం. పోయిన ఉత్తరం పంపి ఎనిమిది రోజులే అయింది. అయినా ఇంకొకటి రాస్తున్నానంటే కారణం కాశమ్మ. నిన్న పొద్దున బట్టల మూటతో పట్నం నుంచి నడిచి వచ్చింది. తుర్కయాంజాల్ దాకా ఎవరో బండి ఎక్కించుకున్నారట, అక్కడి నుంచి ఒంటరిగా నడకే.

"ఏమే, సెలవు ఇచ్చిండ్రా?" అని అడిగాను.

"సెలవు గాదమ్మా. పని బందైంది."

"ఎవరు బంద్ చేసిండ్రు?"

"నీ మనుమణ్ణి అడుగు. నేను చెప్తే నా నోరే పాడైతది."

కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసి గడప మీద పెట్టింది. అది నేను రాసిచ్చిన చీటీ. "ఈమె మా ఊరి బెస్తల ఇంటి కోడలు. భర్త లేడు. వల కుట్టడంలో ఈమె చేతికి సాటి లేదు. సంచులు కుట్టే పనికి తీసుకోండి, ఈమెకు నేను పూచీ" అని మీ పిండి మిల్లు సేటుకు రాసిన చీటీ.

"ఇగ ఇది నాకు అక్కరకు రాదు" అని వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

నీ పోయిన ఉత్తరంలో మిల్లులో బర్కత్ వచ్చిందనీ, అంతా కలిసి వస్తోందనీ, సేటు అందరికీ మిఠాయి పంచాడనీ రాశావు. కాశమ్మ మాట ఒక్కటీ లేదు. నా పూచీ ఉన్న మనిషి సంగతి నాకు ముందుగా తెలియాలి. ఏం జరిగిందో వరుసగా రాయి. అలంకారాలు వద్దు.

ఇక్కడ అందరం క్షేమం. ఎర్ర ఆవు ఈనింది, పెయ్య దూడ.

జవాబు కోసం చూసే నాయనమ్మ,
వజ్రమ్మ

*

హైదరాబాదు
బహమన్ 6

ప్రేమగల నాయనమ్మకు కిష్టా నమస్కారాలు.

కాశమ్మ సంగతి నేనే ముందుగా రాయాల్సింది. ఎట్లా రాయాలో తెలియక ఊరుకున్నాను. అది తప్పే.

మా గోధుమ పిండి ఒక దవాఖానకు పోతుంది. పోయిన వారం అక్కడి గుమాస్తా మా పది సేర్ల సంచిని తూచి చూస్తే తక్కువ వచ్చింది. ఇంకో సంచి తూచాడు, అదీ తక్కువే. చీటీ రాసుకొని నేరుగా మిల్లుకు వచ్చాడు.

మా దగ్గర సంచి నింపేది మనిషి కాదు నాయనమ్మా, ఇంగ్లీషు సీమ నుంచి తెచ్చిన తూకపు మర. పైన తొట్టిలో నుంచి పిండి సంచిలోకి పడుతుంది. పది సేర్లు నిండగానే త్రాసు కాడి వంగుతుంది, ఆ వంగడంతోనే తొట్టి మూత పడిపోతుంది. ఎవరూ చెయ్యి పెట్టనవసరం లేదు. కాడి మీద ఒక ఇనుప గుండు ఉంటుంది. ప్రతి సోమవారం పొద్దున సరిగ్గా పది సేర్ల బరువు పెట్టి, కాడి ఆ బరువుకే వంగేటట్టు గుండును జరిపి బిగించడం నా పని. నేను పెట్టే బరువు సరిగ్గా ఉంటే వారమంతా మర సరిగ్గా ఉంటుంది.

మా ఇత్తడి తూకపు రాళ్ళు పోయిన దై నెలలో సర్కారు ముద్ర కోసం పోయాయి, ఇంకా తిరిగి రాలేదు. ఆ లోపు పని ఆగకూడదని సేరు చొప్పున పది ఇసుక సంచులు చేసుకున్నాను. ప్రతి సోమవారం వాటితోనే చూస్తున్నాను. వెంట్రుక వాసి తేడా లేదు.

గుమాస్తా వచ్చిన రోజు సేటు అందరినీ నిలబెట్టాడు.

"మర చోరీ చేస్తదా? మనిషి చేస్తడు. మర నుంచి దిగినంక పిండి మీద పడే చెయ్యి ఎవరిది?"

మర నుంచి దిగిన సంచి మూతి కుట్టేది కాశమ్మ ఒక్కతే. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది.

"చిన్న పటేలా, జర నువ్వు చెప్పు" అంది.

"మర సరిగ్గానే ఉంది సేట్" అన్నాను నేను. నాకు తెలిసిన నిజం అదే. కానీ ఆ మాట పోయి ఆమె మెడ మీద పడింది.

బహమన్ 20లోగా ఆమె వచ్చి ఒప్పుకుంటే వదిలేస్తారట. లేకపోతే కొత్వాలీ పోలీసులకు అప్పగిస్తామన్నాడు సేటు. ఆమె ఎందుకు తీసిందో నాకు అర్థం కావడం లేదు. కానీ మర అబద్ధం చెప్పదు కదా.

నీ ఆజ్ఞ కోసం చూసే మనుమడు,
కిష్టా

*

ఇబ్రహీంపట్నం
బహమన్ 9

ప్రియమైన కిష్టాకు దీవెనలు.

"ఆమె ఎందుకు తీసిందో" అని రాశావు. తీసిందో లేదో తేలకముందే ఎందుకు తీసిందని అడిగేవాడికి తూకం పని ఎవరు ఇచ్చారో నాకు తెలియదు.

నీ ఉత్తరం పట్టుకొని కాశమ్మ గుడిసెకు నేనే పోయాను. చెరువు గట్టు దిగువన కూర్చొని మరిది వల బాగు చేస్తోంది. తల ఎత్తలేదు.

"కాశమ్మా, పిండి తీసినవా?"

"మస్తు తీసిన. బంగ్లా కట్టుకున్న, కనబడ్తలేదా?"

"ఎకసెక్కాలు బంద్ చెయ్యి. అడిగినదానికి చెప్పు."

అప్పుడు సూది వల మీద పెట్టింది. "అమ్మా, ఒక్కో సంచిల ముప్పై తులాలకు మీదనే తక్కువున్నదని గా గుమాస్తా అన్నడు. దినాం నూట ఇరవై సంచులు కుడ్త. లెక్కలు నీకు వస్తయ్ గద, ఎయ్యి. దినానికి యాభై సేర్ల పిండి. గేటుకాడ జవాను నా కొంగు దులిపి పంపుతడు. యాభై సేర్లు యాడ పెట్టుకొని పోయిన? సూది బెజ్జంల నుంచా?"

లెక్క వేశాను. ఆమె చెప్పింది సరిగ్గానే ఉంది. వానాకాలం చదువు కూడా లేని మనిషి వేసిన లెక్క నువ్వు వేయలేదు.

ఇంకొకటి. దొంగ చెయ్యి కొలిచి తీయదు. ఒక సంచిలో పిడికెడు తీస్తే ఇంకోదాంట్లో దోసెడు తీస్తుంది. అందుకని ఈ మూడింటికి జవాబు రాయి. అన్ని సంచుల్లో ఒకే అంత తక్కువ ఉందా, తలా ఒక తీరుగా ఉందా? ఇసుక సంచులు రాకముందు ఒక రోజు గోధుమకు ఎన్ని పిండి సంచులు వచ్చేవి, ఇప్పుడు ఎన్ని వస్తున్నాయి? ఇసుకను తడిగా ఉన్నప్పుడు తూచావా, ఎండబెట్టి తూచావా? నాకు ఇసుక మీదే అనుమానం. తడి ఇసుక తూచితే సేరు ఉంటుంది, ఆరినాక ఉండదు.

గుర్తుపెట్టుకొని రాయడం కాదు, తూచి రాయి.

నాయనమ్మ,
వజ్రమ్మ

*

హైదరాబాదు
బహమన్ 12

ప్రేమగల నాయనమ్మకు కిష్టా నమస్కారాలు.

నీ తిట్లు నాకు సరిపోయాయి. ముందు జవాబులు.

దవాఖానకు పోయి ఏడు సంచులు ఆ గుమాస్తా ముందే తూచాను. ఏడింటిలోనూ ముప్పై మూడు తులాలు తక్కువ. ఒకదానికీ ఇంకోదానికీ తులం కంటే తేడా లేదు. నువ్వన్నది నిజం, ఇది దొంగ చెయ్యి కాదు.

రెండోది ఇది. ఇసుక సంచులకు ముందు, ఒక రోజు గోధుమకు నూట పదిహేను సంచుల పిండి వచ్చేది. ఇప్పుడు అదే గోధుమకు నూట ఇరవై వస్తున్నాయి. మేం పంచుకున్న మిఠాయి ఈ అయిదు సంచుల కోసమే. సేటు దాన్నే బర్కత్ అన్నాడు. మా మిస్త్రీ భిక్షం, కొత్త తిరగలి రాళ్ళ మహిమ అని వాటికి కొబ్బరికాయ కొట్టాడు. నాయనమ్మా, పిండి ఎక్కడికీ పోలేదు. ఒక్కో సంచిలో తగ్గిందంతా పోగై ఆ అయిదు సంచులైంది. కాశమ్మ చిటికెడు కూడా తీయలేదు.

అంటే తప్పు మరలో ఉంది. మరలో ఉందంటే అది నాది.

కానీ ఎక్కడో తెలియడం లేదు. ఇసుకను నువ్వు శనగలు వేయించే తీరుగా పెనం మీద వేయించి, చల్లార్చి తూచాను. ఇప్పుడు మళ్ళీ వేయించి తూచినా అంతే ఉంది. తూచింది కూడా నువ్వు నేర్పినట్టే. ఎనభై రూపాయల బరువు ఒక సేరు. మా మిల్లు ఖజానా గుమాస్తా దగ్గర ఎనభై రూపాయలు అడిగి తెచ్చాను. అన్నీ కొత్తవి, చార్మినార్ బొమ్మ మీద గీత కూడా పడలేదు. రెండుసార్లు లెక్కపెట్టాను. చిన్న త్రాసులో ఒక పక్క అవి, ఒక పక్క ఇసుక. పది సంచులూ అట్లాగే చేసి రూపాయలు వాపసు ఇచ్చేశాను.

ఇంకా సేటుకు చెప్పలేదు. ఎక్కడ తప్పో తెలియకుండా చెప్తే, నీ ఊరి మనిషిని కాపాడుకుంటున్నావంటాడు. ఇరవై తారీఖు దగ్గర పడుతోంది.

భయంతో,
నీ కిష్టా

*

ఇబ్రహీంపట్నం
బహమన్ 15, మన ఊరి బండి నారయ్య చేతికి ఇచ్చి

ప్రియమైన కిష్టాకు దీవెనలు.

నీ ఉత్తరం "చార్మినార్" అన్న మాట దాకా చదివి పక్కన పెట్టాను. లేచి తూకం సంచి తెచ్చాను. మా నాయన నాకు ఇచ్చిన ఎర్ర బట్ట సంచి నీకు తెలుసు. నెయ్యి, పత్తి, మందులు అన్నీ దానితోనే తూచేదాన్ని. అందులో ఎనభై రూపాయలున్నాయి, ఎనభైయ్యీ ఇంగ్లీషు రాజు తల ఉన్న కల్దారు రూపాయలు. కరువు ఏడాది కూడా అందులో నుంచి ఒకటి తీయలేదు.

ఇంట్లో ఖర్చుకున్న చార్మినార్ రూపాయలు, అంటే మన సర్కారు హాలీ సిక్కా, త్రాసులో ఒక పక్క పెట్టాను. ఇంకో పక్క కల్దారువి. ఒకటికి ఒకటి పెడితే కల్దారు వైపు మొగ్గింది. పెంచుకుంటూ పోయాను. ఇరవై మూడు కల్దారు రూపాయలకు ఇరవై నాలుగు చార్మినార్ రూపాయలు పెట్టినప్పుడు ముల్లు నిలువునా నిలిచింది.

ఇప్పుడు నీ సంచులు చూడు. నూట పదిహేను అంటే అయిదు ఇరవై మూళ్ళు. నూట ఇరవై అంటే అయిదు ఇరవై నాలుగులు. మీ బర్కత్ అంతా ఇదే.

తులం అంటే కల్దారు రూపాయి బరువు. చార్మినార్ రూపాయి అంత తూగదు. మార్చుకునేటప్పుడు నూరు కల్దారుకు నూట పదహారు హాలీ ఇవ్వాలని పట్నంలో అందరికీ తెలుసు, తూకంలో తేడా మాత్రం ఎవరూ చూడరు. నీ ఇసుక సంచి సేరు కాదు. సేరుకు మూడు తులాలకు పైన తక్కువ. నీ మర నువ్వు చెప్పిన అబద్ధాన్ని నమ్మి, అదే అబద్ధాన్ని వెంట్రుక వాసి తేడా లేకుండా రోజుకు నూట ఇరవైసార్లు చెప్పింది.

నేను నేర్పింది నువ్వు సగమే పట్టుకున్నావు.

తూకం సంచి నారయ్య బండిలో పంపుతున్నాను. అతను బాలాపూర్‌లో బావమరిది ఇంట్లో ఆగుతానన్నాడు, వద్దని చెప్పాను. సంచి అందిన పూటే సేటు దగ్గరికి పో. తూచి చూపించు. తప్పు నాదని చెప్పు. ఉద్యోగం పోతే ఇంటికి రా, అన్నానికి కొదవ లేదు. కాశమ్మ పేరు పోతే మాత్రం తెచ్చి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

నాయనమ్మ,
వజ్రమ్మ

*

హైదరాబాదు
బహమన్ 18

ప్రేమగల నాయనమ్మకు కిష్టా నమస్కారాలు.

గుండె మీది బరువు దిగింది. ఇవాళ కడుపునిండా తిన్నాను. ముందు ఈ మాట రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

నిన్న పొద్దున నారయ్య సంచి తెచ్చి ఇచ్చాడు. "మీ నాయనమ్మ ఇది తొడ కింద పెట్టుకొని కూసోమన్నది. కూసున్న. ఇగ నా కాలు నాది కాదు" అన్నాడు. సంచి పట్టుకొని నేరుగా సేటు దగ్గరికి పోయాను.

దవాఖాన గుమాస్తాను పిలిపించమని అడిగాను. అతను వచ్చాక అందరి ముందు చిన్న త్రాసు కట్టాను. ఒక పక్క నీ ఎనభై రూపాయలు, ఒక పక్క నా ఇసుక సంచి. ఇసుక సంచి పైకి లేచింది. భిక్షం మిస్త్రీ ముందుకు వంగి చూశాడు. ఇసుక పక్కన గుమాస్తా జేబులోని కల్దారు ఒకటి వేశాను, పైనే ఉంది. రెండు, మూడు వేశాను, ఇంకా పైనే. నాలుగోది వేస్తే కిందికి దిగింది.

"సేట్, ఇసుక సంచులు చేసింది నేను. మర సరిగ్గా ఉందని చెప్పింది నేను. కాశమ్మది ఏం తప్పు లేదు" అన్నాను.

సేటు ఇసుక సంచిని చేతిలోకి తీసుకొని చూశాడు. తర్వాత, "అరె, నా బర్కత్ అంతా నీ ఇసుకలున్నదా!" అన్నాడు.

"మిఠాయి వాపస్ ఇయ్యాల్నా సేట్?" అన్నాడు భిక్షం. "నా వంతు ఎప్పుడో అరిగిపాయె."

ముందు నవ్వింది దవాఖాన గుమాస్తా. ఆ తర్వాత సేటు కూడా నవ్వాడు. నవ్వాక నన్ను బాగా తిట్టాడు. అదీ మంచిదే అనిపించింది. నన్ను పనిలో నుంచి తీసేస్తావా అని నేనే అడిగాను. "తప్పు చెప్పినోన్ని తీసేస్తే రేపు ఎవడు చెప్తడు? పో, ముందు మర సరిచెయ్" అన్నాడు. గుండును జరిపి బిగించాను. సాయంత్రానికి లెక్క చూస్తే నూట పదిహేను సంచులు. అంత తక్కువ లెక్క చూసి ఇంత సంతోషపడిన వాళ్ళు ఏ మిల్లులోనూ ఉండరు.

దవాఖానకు తక్కువ పడిన పిండి అంతా సేటు తిరిగి పంపుతానన్నాడు. కాశమ్మను రమ్మని కబురు పెట్టమన్నాడు. కొత్వాలీ మాట పోయింది.

నాయనమ్మా, నువ్వు నేర్పింది సగమే పట్టుకున్నందుకు మన్నించు. ఇంకెప్పుడూ నీ మాట సగం వినను.

తేలికపడిన నీ మనుమడు,
కిష్టా

*

ఇబ్రహీంపట్నం
బహమన్ 22

ప్రియమైన కిష్టాకు, నాయనమ్మ దీవెనలు.

నీ ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఈ ఇరవై రోజుల్లో నిన్న మొదటిసారి మధ్యాహ్నం పడుకున్నాను. ఎర్ర ఆవు దూడ వచ్చి చీర కొంగు నములుతున్నా లేవలేదు.

ఉత్తరం పట్టుకొని కాశమ్మ దగ్గరికి పోయి చదివి వినిపించాను. ఇసుక సంచి పైకి లేచిన చోట, "ఇంకోసారి సదువమ్మా" అంది. చదివాను. మిఠాయి మాట దగ్గర నవ్వి, ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఏడ్వనిచ్చాను.

వచ్చేటప్పుడు దారిలో ఒకటి గుర్తుకు వచ్చింది. ఇంటికి రాగానే నా రోజువారీ పుస్తకాలు తీశాను. నాకు గుర్తున్నది సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి కదా. దొరికింది. అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. ఆ రోజు పంక్తి ఇట్లా ఉంది: "నెయ్యి తూచడం నేర్పాను. కిష్టా ఎదురు మాట్లాడాడు. దండించాను."

నువ్వు ఎదురు మాట్లాడింది ఏమిటో నాకు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. "నాయనమ్మా, ఈ రూపాయలే ఎందుకు? పెట్టెల ఉన్న చార్మినార్ రూపాయలు పెడితే ఏమైతది?" అని అడిగావు. అంతకంటే మంచి ప్రశ్న ఆ ఇంట్లో ఆ ఏడాది ఎవరూ అడగలేదు. నేను కొలత కర్రతో నీ వేళ్ళ మీద కొట్టి, "చెప్పింది చెయ్యి, తిరిగి అడగకు" అన్నాను. నువ్వు ఇంకెప్పుడూ అడగలేదు. చెప్పిందే చేశావు.

నువ్వు సగమే పట్టుకున్నావని పోయిన ఉత్తరంలో రాశాను. అది నిజం కాదు. నేను సగమే ఇచ్చాను. మర సరిగ్గా ఉందని నువ్వు నమ్మినట్టే, నా పాఠం సరిగ్గా ఉందని నేను నమ్మాను. ఇన్నేళ్ళలో ఒక్క సోమవారం కూడా తిరిగి తూచి చూసుకోలేదు.

నలభై ఏళ్ళుగా ఈ పుస్తకాల్లో ఒక్క పంక్తి కొట్టేయలేదు. ఇవాళ కొట్టేశాను. దాని కింద రాసింది: "కిష్టా సరైన ప్రశ్న అడిగాడు. జవాబు చెప్పలేదు. తప్పు వజ్రమ్మది."

కాశమ్మ చీటీ నా దగ్గరే ఉంది. కొత్తది రాసిస్తానంటే వద్దంది. "పాతదే ఇయ్యమ్మా. గది అబద్ధం కాలే గద" అంది. నిజమే, పాతదే ఇచ్చాను.

ప్రేమతో,
నాయనమ్మ వజ్రమ్మ

ఇక జరగాల్సినవి, ఈ వరుసలోనే:

1. కాశమ్మ ఒంటరిగా నడిచి రావద్దు. నువ్వే బండి కట్టుకొని వచ్చి ఆమెను తీసుకుపో. ఉత్తరంతో క్షమాపణ చెల్లదు, ఆమె గుడిసె ముందు నిలబడి చెప్పు.

2. ఆమెను నిలబెట్టి అడిగిన చోటే, అందరి ముందు, సేటుతో ఆమె తప్పు లేదని చెప్పించు.

3. పది ఇసుక సంచులూ విప్పి ఇసుక పారబోయి. ఒక్కటి కూడా గుర్తుగా దాచుకోకు, ఎవరో మళ్ళీ వాడతారు.

4. ఇత్తడి రాళ్ళు ముద్ర పడి వచ్చేదాకా తూకం సంచి మిల్లులోనే ఉండనీ. సోమవారం తూచే ముందు, తూచిన తర్వాత రూపాయలు లెక్కపెట్టు.

5. నీ కింద పనిచేసేవాళ్ళు ఎందుకు అని అడిగితే జవాబు చెప్పు. తెలియకపోతే తెలియదని చెప్పు.

6. కాశమ్మ కోసం వచ్చినప్పుడు, తొమ్మిదో ఏట అడిగిన ప్రశ్న నన్ను మళ్ళీ అడుగు. త్రాసు కడిగి పెట్టాను.